ఆరు ఎత్తుల లెక్క

క్రికెట్ పిచ్చి ఉన్న ఇంట్లో పిల్లాడు ఎక్కాలు మరిచిపోతాడేమో కానీ స్కోర్లు మరిచిపోడు. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు... ఎవరు ఎన్ని బంతుల్లో ఎంత కొట్టారో! కెనడావాళ్లకి మంచు మీద ఆడే హాకీ అంటే అలాంటి పిచ్చే. అయితే అక్కడ ఇంకో విడ్డూరం ఉంది. అభిమానులు పెద్ద జట్టు ఆటను చూసి ఊరుకోరు. ఆ జట్టు పద్దెనిమిదేళ్ల వయసులోనే ఎంచి పెట్టుకున్న కుర్రాళ్లు కొందరుంటారు. వాళ్లింకా ఎక్కడో ఓ చిన్న ఊళ్లో జూనియర్ లీగ్ ఆడుకుంటుంటారు. ఒంటారియో, వెస్టర్న్, క్యూబెక్... ఇలా మూడు జూనియర్ లీగులు. వేసవి ముందు ప్లేఆఫ్ పోటీలు మొదలవుతాయి. మూడు లీగుల విజేతలూ, ఆతిథ్యమిచ్చే జట్టూ కలిసి చివరికి మెమోరియల్ కప్ కోసం తలపడతాయి. ఆ రోజుల్లో అభిమానికి కంటి మీద కునుకుండదు. 'మనవాడు రాత్రి ఏం చేశాడు?' అని పొద్దున్నే ఆరా. మనవాడంటే ఎవరనుకున్నారు? మన జట్టు చొక్కా ఇంకా వేసుకోనివాడు!

పేరు రాకముందే వెంటపడి చూడటం... మనకా అలవాటు లేదు. పతకం వచ్చాక పూలదండలు వేస్తాం. ఊరేగిస్తాం. 'ఎక్కడి పిల్లండీ ఈ అమ్మాయి?' అని అప్పుడు అడుగుతాం.

మరి మనకి అలా వెంటపడి చూడదగ్గ పిల్లలు లేరా?

ఉన్నారు. కావాలంటే ఓసారి రామతీర్థం వైపు వెళ్లి రండి.

విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది రాముడి దర్శనం. చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లు ఆ పక్కనే గురుభక్తుల కొండ మీద బౌద్ధుల నాటి శిథిలాలు కూడా చూసొస్తారు. అదే నెల్లిమర్ల మండలంలో మూడో రకం యాత్రాస్థలం ఒకటుంది. కొండవెలగాడ. చూడ్డానికి అన్ని ఊళ్లలాంటిదే. కాకపోతే ఇక్కడ పిల్లలు సాయంత్రమయ్యేసరికి బ్యాటూ బంతీ కాదు, ఇనుప కడ్డీ పట్టుకుంటారు. బరువులెత్తే ఊరు అది. వెయిట్ లిఫ్టింగ్‌లో పతకాలు తెచ్చినవాళ్లూ, ఆ పతకాలతో పోలీసు, సైన్యం, రైల్వే ఉద్యోగాల్లోకి వెళ్లినవాళ్లూ ఇక్కడ ఎందరో. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచిన మత్స సంతోషిది ఈ ఊరే.

నిజానికి ఉత్తరాంధ్రకి బరువు కొత్త కాదు. పండగల్లో సంగిడి రాయి ఎత్తే పోటీలు ఇక్కడి పల్లెలకి తెలిసినవే. గుండ్రాయిని మోకాళ్ల మీదికి తెచ్చుకుని, అక్కణ్నుంచి రొమ్ము మీదికి దొర్లించుకుని, భుజం మీదికి ఎక్కిస్తుంటే చుట్టూ చేరిన జనం ఈలలు. 'కలియుగ భీముడు' కోడి రామమూర్తినాయుడు పుట్టిన వీరఘట్టం ఈ నేలే. ఆయన విజయనగరంలో వ్యాయామశాల నడిపిన మనిషి కూడా. ఇక ఆమదాలవలస పేరు చెబితే కరణం మల్లీశ్వరి గుర్తు రాని తెలుగువాడుండడు. రాయి పోయి కడ్డీ వచ్చింది. మగపిల్లల సరసన ఆడపిల్లలూ వచ్చారు. అంతే తేడా!

మెట్ల మీద మెట్లు

హాకీకి ప్లేఆఫ్‌లున్నట్టే ఈ ఆటకీ మెట్లున్నాయి. జిల్లా పోటీలు, రాష్ట్ర పోటీలు, ఆపైన జాతీయ పోటీలు. జాతీయ పోటీల్లో యూత్, జూనియర్, సీనియర్ అని మూడు విభాగాలు. మూడింటినీ తరచూ ఒకేచోట వరుసగా జరిపేస్తుంటారు. 2018లో ఢిల్లీలో మొదలైన ఖేలో ఇండియా పోటీలు ఇంకో మెట్టు. అక్కణ్నుంచి కామన్వెల్త్, ఆసియా, ప్రపంచ స్థాయి యూత్, జూనియర్ పోటీలు.

పదమూడు నుంచి పదిహేడేళ్ల దాకా యూత్. పదిహేను నుంచి ఇరవై దాకా జూనియర్. అంటే పదహారేళ్ల పిల్ల కావాలంటే రెండింట్లోనూ దిగొచ్చు. సత్తా ఉంటే సీనియర్‌లోనూ ఎత్తొచ్చు. వయసు లెక్కకి పుట్టిన రోజుతో పని లేదు, పుట్టిన సంవత్సరమే చూస్తారు. జనవరిలో పుట్టిన పిల్లా, అదే ఏడాది డిసెంబర్లో పుట్టిన పిల్లా ఒకే తరగతి. పద్నాలుగేళ్ల వయసులో ఆ పదకొండు నెలలు ఎంత తేడానో పిల్లల్ని పెంచినవాళ్లకి చెప్పక్కర్లేదు.

వయసుతోపాటు ఒంటి బరువు విభాగాలు. ఇవో పెద్ద తలనొప్పి. అంతర్జాతీయ సమాఖ్య 1993లో మార్చింది, 1998లో మార్చింది, 2018లో మార్చింది, మళ్లీ 2025 జూన్ నుంచి మార్చింది. మీరాబాయి చానునే చూడండి. 48 కిలోల విభాగంలో పేరు తెచ్చుకుంది. 49 కిలోల్లో టోక్యో రజతం గెలిచింది. 2025లో తిరిగి 48కి దిగి ప్రపంచ పోటీల్లో రజతం పట్టుకొచ్చింది. ఒలింపిక్ పతకధారికి శిబిరం ఉంటుంది, ఫిజియో ఉంటాడు, తిండి లెక్కలు చూసే మనిషి ఉంటాడు. చోడి అంబలి తాగి బడికెళ్లే పిల్లకి విభాగం మారితే ఎవరు చూస్తారు? కోచే చూడాలి. ఇంట్లో అమ్మే చూడాలి.

పతకం కాదు... ప్రయత్నాలు చూడండి

ఇక అసలు సంగతి. జిల్లా పేజీలో మూడు లైన్ల వార్త వస్తుంది. ఫలానా అమ్మాయికి యూత్ విభాగంలో కాంస్యం. మనం చదివి ఊరుకుంటాం. ఆ వార్తలో ఉండనిదే ఈ ఆటకి ప్రాణం!

బరువులెత్తడంలో రెండు పద్ధతులు. స్నాచ్ అంటే నేల మీది కడ్డీని ఒక్క ఊపున తల మీదికి ఎత్తడం. క్లీన్ అండ్ జెర్క్ అంటే రెండంచెల్లో... ముందు భుజాల మీదికి, అక్కణ్నుంచి పైకి. ఒక్కోదానికి మూడేసి అవకాశాలు. రెండింట్లోనూ గొప్ప ఎత్తుల్ని కలిపితే మొత్తం. ముగ్గురు రిఫరీలుంటారు. కనీసం ఇద్దరు తెల్ల దీపం వెలిగిస్తేనే ఎత్తినట్టు. పేరు పిలిచాక నిమిషం గడువు. ఇంకో చిక్కు... కడ్డీ మీద బరువు పెరుగుతుందే తప్ప తగ్గదు. మొదటి ప్రయత్నంలో 70 అడిగి ఎత్తలేకపోతే '65 ఇవ్వండి' అంటే కుదరదు. మూడుసార్లూ పోయిందా, మొత్తమే లేదు! ఏడాది కష్టం అయిదు నిమిషాల్లో గల్లంతు.

అంటే ఒక్కో పిల్లకి ఒక పోటీలో ఆరు ఎత్తులు. ఆ ఆరింటినీ కాగితం మీద రాసుకుంటే చాలు, ఆ పిల్ల సంగతి సగం తెలిసిపోతుంది.

ఇద్దరమ్మాయిల్ని ఊహించుకుందాం. మొదటి అమ్మాయికి పదిహేడేళ్లు. స్నాచ్‌లో 72 పోయింది, మళ్లీ అదే బరువు ఎత్తింది, 75 పోయింది. క్లీన్ అండ్ జెర్క్‌లో 92 ఎత్తింది, 96 రెండుసార్లూ పోయింది. మొత్తం 164. కాంస్యం. నిరుడు ఆమె మొత్తం 163.

రెండో అమ్మాయికి పదిహేనేళ్లు. 66, 69, 71. ఆ తర్వాత 84, 87, 90. ఆరుకి ఆరూ తెల్ల దీపాలే. మొత్తం 161. అయిదో స్థానం. నిరుడు ఆమె మొత్తం 148.

పేపర్లో మొదటి అమ్మాయి పేరొస్తుంది. రెండో అమ్మాయి పేరు ఎక్కడా రాదు. నేనైతే రెండో అమ్మాయి వెంటే పడతాను. ఏడాదిలో పదమూడు కిలోలు పెరిగింది. ఒక్క ఎత్తు కూడా పోగొట్టుకోలేదు. అంటే కోచ్ తొందరపడలేదు, పిల్ల కంగారుపడలేదు. ఇంకా రెండేళ్లు యూత్‌లోనే ఉంటుంది. మొదటి అమ్మాయిని తీసిపారేయమని కాదు. పోగొట్టుకున్న నాలుగు ఎత్తుల్లో ఏం జరిగిందో ఎవరైనా కూర్చుని చూడాలి. బలం చాలలేదా? మోచెయ్యి వంగిందా? మొదటి బరువే ఎక్కువ అడిగారా? ఆ మూడో ప్రశ్నకి జవాబు పిల్ల దగ్గర ఉండదు, కార్డు మీద అంకె రాసినవాళ్ల దగ్గర ఉంటుంది.

అంకెలు ఎంత పని చేస్తాయో సిడ్నీలో చూశాం. 2000 సెప్టెంబర్ 19. మహిళల 69 కిలోల విభాగం. మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130... మొత్తం 240. మొదటి రెండు స్థానాల్లో నిలిచిన చైనా, హంగరీ అమ్మాయిలిద్దరి మొత్తమూ 242.5. ఒంటి బరువు తక్కువ కాబట్టి బంగారం చైనాకు వెళ్లింది. మల్లీశ్వరికి చివరి ప్రయత్నం మిగిలి ఉంది. 137.5 అడిగారు. నిలవలేదు. బంగారానికీ కాంస్యానికీ మధ్య తేడా రెండున్నర కిలోలు! అప్పట్లో బరువు పెంచే మెట్టు కూడా అంతే. కిలో చొప్పున పెంచుకునే వీలు 2005లో కానీ రాలేదు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళని తప్పుబట్టడానికి కాదు ఇది చెప్పడం. ఆరో ఎత్తు దగ్గర ఏ అంకె రాయాలన్న ప్రశ్న జిల్లా పోటీల్లో పిల్లకైనా, ఒలింపిక్స్‌లో మల్లీశ్వరికైనా ఒక్కటే.

ఆమె కథలో మనకి కావలసిన ముక్క ఇంకోటుంది. మల్లీశ్వరి ఏమీ చిన్నప్పుడే అందరి కంటా పడిన పిల్ల కాదు. సన్నగా ఉంది, ఈ ఆటకి పనికి రాదన్న మాట కూడా విన్నది. 1990లో అక్కకు తోడుగా జాతీయ శిబిరానికి వెళ్లినప్పుడు మాస్కో ఒలింపిక్స్ విజేత లియోనిద్ తరనెంకో కంట పడింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1994లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 1995లో మళ్లీ! అక్కకు తోడుగా వచ్చిన పిల్ల వైపు ఆ రోజు ఎవరూ చూడకపోయి ఉంటే?

పదహారేళ్ల పిల్ల

ఇప్పుడు కాస్త చేదు సంగతి. గ్లాస్గోలో 53 కిలోల విభాగంలో సంతోషి ఎత్తింది 188 కిలోలు... స్నాచ్‌లో 83, క్లీన్ అండ్ జెర్క్‌లో 105. మూడో స్థానం. మెడలో కాంస్యం వేశారు. బంగారం నైజీరియా అమ్మాయి చికా అమలహాది. కొద్ది రోజులకే ఆ అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికిపోయింది. పతకం వెనక్కి తీసుకున్నారు. పాపువా న్యూగినీ లిఫ్టర్ డికా టూవాకి బంగారం, మన సంతోషికి రజతం, నాలుగో స్థానంలో ఉన్న మనమ్మాయే స్వాతి సింగ్‌కి కాంస్యం వచ్చాయి. మనం సంబరపడ్డాం. తప్పేం లేదు, న్యాయంగా రావలసిందే వచ్చింది.

కానీ అమలహా వయసు అప్పటికి పదహారు!

పదహారేళ్ల పిల్ల మందు పేరు తానే వెతికి తెచ్చుకుని మింగుతుందా? ఆమె నమూనాలో దొరికినవి ఒంట్లో నీటిని బయటికి పంపేసే మందులు. వేరే మందుల ఆనవాళ్లు కప్పిపెట్టడానికి వాడతారని వీటిని నిషేధించారు. ఒంటి బరువు గబగబా దించుకోవడానికి కూడా ఇవే వాడేవాళ్లున్నారు. ఇక్కడే మన ఇళ్లకి సంబంధించిన విషయం ఉంది.

పోటీకి రెండు గంటల ముందు తూకం మొదలవుతుంది. గంట సేపు ఉంటుంది. 53 కిలోల విభాగం అంటే ఆ గంటలో ముల్లు 53 దాటకూడదు. దాటే పిల్లల్ని ఏం చేస్తారు? ముందు రోజు నుంచి అన్నం మానిపిస్తారు. నీళ్లు మానిపిస్తారు. మండుటెండలో స్వెటర్ వేసి పరిగెత్తిస్తారు. నోట్లో నీళ్లు ఊరితే ఉమ్మేయమంటారు. దేశంలో ఏ మూలైనా, ఏ బరువు విభాగాల ఆటలోనైనా చూసే దృశ్యమే ఇది. కుస్తీలో ఉంది, బాక్సింగ్‌లో ఉంది. పెద్దవాళ్లు తెలిసి చేసుకుంటారు. ఎదిగే పిల్లకి అది చెయ్యడం మటుకు అన్యాయం. ఏడాదికి రెండు అంగుళాలు పొడవు పెరిగే వయసులో పిల్లని నిరుటి విభాగంలోనే కుక్కి ఉంచితే పతకం రావచ్చు. ఎదుగుదల పోతుంది. రెండేళ్లు పోయాక నడుము పట్టేసిందనో, మోకాలు వాచిందనో మానేస్తుంది. అప్పుడు ఊళ్లో అంటారు... 'ఆ గుంట చిన్నప్పుడు బాగా ఎత్తేదండీ!'

మల్లీశ్వరి ప్రపంచ పోటీల్లో నెగ్గింది 54 కిలోల్లో, ఒలింపిక్ పతకం తెచ్చింది 69 కిలోల్లో. ఒళ్లు పెరగనిచ్చి బలం పెంచుకోవడం అంటే అదీ. కాబట్టి మీ పిల్ల ఈ ఆటలో ఉంటే పతకం ఏ రంగుదని అడిగే ముందు ఇంకో మాట అడగండి. తూకానికి ముందు రోజు ఏం తిన్నావమ్మా? జవాబు 'ఏమీ లేదు' అయితే కోచ్‌తో మాట్లాడాల్సిందే. పొడుల డబ్బాల సంగతీ అంతే. బలం వస్తుందని ఎవరో ఇచ్చిన డబ్బాలో ఏం కలిసిందో పిల్లకి తెలియదు. కానీ పరీక్షలో దొరికితే నిషేధం పడేది పిల్ల మీదే. డబ్బా ఇచ్చినవాడు హాయిగా ఇంట్లో ఉంటాడు.

ఉద్యోగం వచ్చాక...

కెనడా కుర్రాళ్లలోనూ జూనియర్ లీగ్ నుంచి పెద్ద లీగ్ దాకా వెళ్లేవాళ్లు కొద్దిమందే. మన దగ్గర జల్లెడ వేరే రకం. ఇరవై దాటగానే జూనియర్ అన్న గొడుగు పోతుంది. పాతికేళ్ల వాళ్లతో, ముప్పై ఏళ్ల వాళ్లతో ఒకే వేదిక మీద ఎత్తాలి. సరిగ్గా అప్పుడే ఉద్యోగం పిలుస్తుంది.

ఉద్యోగం వచ్చాక కడ్డీ వదిలేశారని కొందరు పెదవి విరుస్తుంటారు. నాకా మాట నచ్చదు. నెల్లిమర్ల జూట్‌మిల్లు లాకౌట్లు చూసిన ప్రాంతం ఇది. వానొస్తే వరి, లేకపోతే వలస. అలాంటి ఇంట్లో ఆడపిల్ల ఇరవై ఏళ్లకి యూనిఫాం వేసుకుని నెల జీతం తెస్తే అది ఏ పతకానికి తీసిపోతుంది? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచింది. తల్లిదండ్రులు ఆ అంకె చూసే పిల్లల్ని కడ్డీ పట్టిస్తే అందులో తప్పు పట్టడానికేముంది? చిక్కల్లా ఒకటే. కోటాకి కావలసింది పతకం. పతకం త్వరగా కావాలంటే పిల్లని చిన్న విభాగంలో కుక్కాలి. అక్కడ ఆశకీ ఆటకీ లంకె పడుతుంది. అప్పుడు ఆగి ఆలోచించే పెద్దమనిషి ఒకరు ఇంట్లో ఉండాలి.

ఆగినవాళ్లకి దారి ఉంది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో రజతం గెలిచాడు. అదే విభాగంలో కూర్చుండిపోలేదు. నాలుగేళ్లు గడిచాక, 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలెత్తి బంగారం తెచ్చాడు. యూత్ పతకం సీనియర్ పతకంగా మారడానికి పట్టిన కాలం నాలుగేళ్లు, పెరిగిన ఒంటి విభాగం ఎనిమిది కిలోలు.

అందరికీ అలా కుదరదు. మిజోరం కుర్రాడు జెరెమీ లాల్‌రిన్నుంగ 2018 యూత్ ఒలింపిక్స్‌లో బంగారం గెలిచాడు. 2022 కామన్వెల్త్ క్రీడల్లోనూ బంగారమే. అయినా పారిస్ ఒలింపిక్స్ తలుపు తెరుచుకోలేదు. 2024లో వెయిట్ లిఫ్టింగ్‌లో మన దేశం నుంచి పారిస్ వెళ్లింది మీరాబాయి ఒక్కతే. ఆమె కూడా ఒక్క కిలో తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. నూట నలభై కోట్ల మందిలో ఒక్కతే, ఒక్క కిలో... ఈ జల్లెడ కన్నాలు ఎంత సన్నమో చూశారా!

ఇక మన విజయనగరం జిల్లా కుర్రాడు వల్లూరి అజయబాబు. 2025 ఆగస్టులో అహ్మదాబాద్‌లో జరిగిన కామన్వెల్త్ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల 79 కిలోల విభాగంలో 335 కిలోలెత్తి బంగారం గెలిచాడు. 2025 జూన్‌లో కొత్తగా వచ్చిన విభాగం అది. ఆ బంగారం అతనికి 2026 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల అర్హతను కూడా తెచ్చింది. సంతోషి పతకం గెలిచింది కూడా ఆ గ్లాస్గోలోనే!

అతని పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. నేను చెబుతున్నది అతని వెనకున్నవాళ్ల గురించి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో. 2011లో పుట్టిన పిల్లకి ఆ ఏడాది పందొమ్మిది. అంటే అప్పటికింకా జూనియరే. సీనియర్లతో తలపడే వయసూ వచ్చేసి ఉంటుంది. అలాంటి పిల్ల నెల్లిమర్ల మండలంలోనో, ఆమదాలవలసలోనో, మీ వీధి చివరి వ్యాయామశాలలోనో ఉండొచ్చు.

జిల్లా పేజీలో యూత్ పోటీల ఫలితాలు వస్తే ఈసారి కత్తిరించి దాచండి. పోటీకి వెళ్లిన పిల్లలు ఊళ్లో కనబడితే ఆరు ఎత్తులూ అడిగి పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. పోయినవి సున్నా చుట్టండి. తూకంలో ఎంత వచ్చిందో అడగండి. వీలైతే పుట్టిన సంవత్సరం కూడా రాయండి. నిరుటి కాగితం ఉంటే దాని పక్కన పెట్టుకుని చూడండి.